గూట్లో ఒక తూటా

అయిదే పెట్టేవాడు మా నాన్న, ఆరు గుండ్ల రివాల్వరులో అయిదే, తూటాను కొట్టి పేల్చే సుత్తి కింది గూడు ఎప్పుడూ ఖాళీ, ఎందుకంటే ఆరోది కూడా పెట్టిన ఏడాది గుర్రం దిగబోతుంటే సుత్తికి దెబ్బ తగిలి అది పేలి కాలి బొటనవేలు పోగొట్టుకున్నాడు, ఆ వేలిని మా కోడిపుంజు ముక్కున కరుచుకుని కొట్టం వెనక్కి పరిగెత్తిందనీ, తిన్నాక మూడు రోజులు కుంటిందనీ నేను ఇప్పటికి రెండు వందల సార్లయినా చెప్పి ఉంటాను, అబద్ధమని ఎవరైనా అంటే నాన్న బూటు తెచ్చి చూపిస్తాను, బూటుకు చిల్లు నిజం, పుంజు సంగతి నాకూ పుంజుకూ మధ్యది, ఆ చిల్లులో వేలు పెట్టి చూసిన రోజునుంచి నేనూ గూడు ఖాళీగానే ఉంచుతూ వచ్చాను, రివాల్వరు పోయి పిస్టల్ వచ్చాక కూడా, పిడిలోని పెట్టె నిండా తూటాలు, గొట్టం మొదట్లో ఉండే గూడు మాత్రం ఖాళీ, అవసరం పడితే పైనున్న ఇనుప తొడుగును వెనక్కి లాగి వదలడమే, తూటా గూట్లోకి దానంతటదే ఎక్కుతుంది, రెప్పపాటు పని, అలా యాభై రెండేళ్ళు మోసినవాణ్ణి ఇవాళ ఆదివారం పొద్దున, ప్రార్థనకు ఇంకా పావుగంట ఉందనగా, చర్చి ముందు గులకరాళ్ళ మీద పికప్ బండి ఆపుకుని కూర్చున్నాను, కుడి తుంటి మీద ఒరలో పిస్టల్, గూట్లో తూటా, చొక్కా కింద ఎవరికీ కనపడదు, నాకు మాత్రం బండిలో ఇంకెవరో కూర్చున్నట్టుంది.

డ్వేన్ ప్రూయిట్ పెట్టిన నియమం ఇది, పోలీసు కొలువు నుంచి దిగి రెండేళ్ళయినా వాడి నడుం మీది పోలీసు బిగువు ఇంకా దిగలేదు, ఎక్కడో ఒక చర్చిలోకి ఎవడో తుపాకీతో దూరాడని పేపర్లో పడ్డ దగ్గర్నుంచి మా చర్చి గుమ్మానికి కాపలా పెట్టిందీ వాడే, నలుగురం, అందరం కోటు కిందో చొక్కా కిందో పిస్టల్ పెట్టుకుని చిరునవ్వుతో చెయ్యి కలిపి లోపలికి పంపేవాళ్ళం, నేనైతే కాపలా లేనప్పటి నుంచీ ఆ గుమ్మంలోనే ఉన్నాను, ముప్ఫై ఒక్క ఏళ్ళు, పెళ్ళికూతుళ్ళకీ శవపేటికలకీ తలుపు పట్టుకున్న చెయ్యి ఇది, పోయిన ఆదివారం కాఫీ దగ్గర డ్వేన్ అందరి ముందూ అడిగాడు, బ్రదర్ హాలిస్, గూట్లో ఉందా లేదా, లేదు, మా ఇంటా వంటా లేదు అన్నాను, మరి అవసరం పడితే, లాగుతా, ఎంతసేపట్లో, నువ్వు ఈ మాట అడిగినంతలో మూడు సార్లు లాగుతా, వచ్చేవాడు ఆగుతాడేంటి బ్రదర్, కాఫీ తాగుతూ కూర్చుంటాడా, కూర్చోడేంటి, మా నాన్న వేలు కథ మొదలెడతా, అయ్యేదాకా కదలడు, అందరూ నవ్వారు, డ్వేన్ కూడా నవ్వాడు, నవ్వి, ఒరలో ట్రిగ్గర్ మూసే ఉంటుంది, వేలు పెడితే తప్ప అది పేలదు, వచ్చే ఆదివారం నుంచి గుమ్మంలో నిలబడేవాళ్ళకి గూట్లో తూటా ఉండాల్సిందే, లేనివాళ్ళు హాయిగా బెంచీల మీద కూర్చుని పాటలు పాడుకోండి అన్నాడు, వాడన్నది తప్పు కాదు, ఒక చెయ్యి తలుపు మీదో ముసలమ్మ భుజం మీదో ఉన్నప్పుడు రెండో చేత్తో ఏం లాగుతాం, అదీ నిజమే, కానీ నేను వాదించింది అందుకు కాదు, ఆ కాఫీ దగ్గర ఎవరికీ తెలియనిది, మా ఆవిడ వెర్నాకు తప్ప ఎవరికీ తెలియనిది ఒకటుంది, ఆ తొడుగు నేను లాగలేను, రెప్పపాటులో కాదు, పూటంతా ఇచ్చినా లాగలేను, పోయిన చలికాలం నుంచి వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా అయ్యాయి, ఊరగాయ సీసా మూత, మందు డబ్బా మూత, అన్నీ ఆవిడే తీస్తుంది, నెలకోసారి గురి చూసుకోవడానికి పోయేముందు పిస్టల్ కూడా ఆవిడే లాగి ఇస్తుంది, రొట్టెపిండి పిసికిన చేతులు కదా, ఒక్క గుంజు, ఇదిగో ముసలోడా, పోయి డబ్బాల్ని చంపుకో అంటుంది, డ్వేన్‌కి చెప్పరాదూ చేతులు ఇలా ఉన్నాయని, చెబితే ఏమవుద్ది, చెబితే గుమ్మం పోద్దే అంటాను, పోతే పోనీ, నా పక్కన కూర్చుంటే నీకేం అరుగుద్దా, ఆవిడకేం, బెంచీ అలవాటే.

ఇవాళ భోజనాలున్నాయని వెర్నా బీన్స్ కుండ పట్టుకుని ఏడింటికే చర్చి వంటింటికి వెళ్ళిపోయింది, ఇంట్లో నేనూ పిస్టలూ, మగాడికి బుర్ర ఉంటే చెయ్యి ఎందుకు, తొడుగు మీద వెనకవైపు పొడుచుకొచ్చిన గురిపలకను వంటబల్ల అంచుకు తగిలించి, పిడి పట్టుకుని, ఒళ్ళు బరువంతా వేసి తోశాను, టక్కుమని ఎక్కింది తూటా, అబ్బ, ఆ చప్పుడు వినగానే పాతికేళ్ళు తగ్గాయి, డెబ్బై ఆరేళ్ళవాణ్ణి యాభై ఒకటికి దిగి, ఈలేసుకుంటూ బండెక్కాను, వాగు వంతెన దగ్గర గతుకు వచ్చేదాకా ఈల ఆగలేదు, గతుకులో బండి ఎగిరింది, నేనెగిరాను, తుంటి మీద అదీ ఎగిరి కూర్చుంది, ఏమీ కాలేదు, కాదు కూడా, ఒర గట్టిది, డ్వేన్ చెప్పింది నిజం, భయం దానివల్ల కాదు, అప్పుడే తట్టింది, సరే పెట్టావు, మధ్యాహ్నం ఇంటికొచ్చాక తీసేదెవరు, వెర్నా, మరి వెర్నా లేని రోజు, మళ్ళీ బల్ల అంచు, అది జారితే, ఆలోచన ఒకటి పట్టుకుంటే నన్ను వదలదు, చర్చి దాకా నాతోనే వచ్చింది, అందుకే దిగకుండా కూర్చుని, అద్దంలో అటూ ఇటూ చూసి, ఒరలోంచి తీసి పెట్టెను కిందికి లాగేశాను, అది సులువు, మీట నొక్కితే వస్తుంది, పెట్టె తీస్తే ఖాళీ అనుకునే వెర్రివాణ్ణి కాను, మా పిన్ని కొడుకు లెస్టర్ అలాగే అనుకుని వాళ్ళ ఫ్రిజ్‌ను కాల్చాడు, పెట్టె తీశాను కదా ఏముందిలే అని ట్రిగ్గర్ నొక్కాడు, తలుపులోంచి పోయి, పాల డబ్బాలోంచి పోయి, దోసకాయ ఊరగాయలో ఆగింది, ఆ ఊరగాయకు పొగ వాసన పట్టి అంత రుచి వచ్చిందంటే ఊరు ఊరంతా సీసాలు పట్టుకుని వచ్చారు, లెస్టర్ రెండో ఫ్రిజ్ కొని మళ్ళీ కాల్చబోతే వాళ్ళావిడ ఆపింది, గూట్లోది గూట్లోనే ఉంటుంది, తొడుగు లాగితేనే బయటికి దూకుతుంది, లాగాను, రాలేదు, చొక్కా కొస చుట్టి లాగాను, రాలేదు, కణుపుల్లో నిప్పులు పోసినట్టుంది, ఇక్కడ బల్ల లేదు, బండి అద్దం కింది పలక ప్లాస్టిక్కు, తలుపు అంచు ఇనుము, గురిపలకను దానికి తగిలించి తోశాను.

జారింది, అంతే, చెమట పట్టిన అరచేతిలో పిడి గిర్రున తిరిగింది, గొట్టం తలుపు వైపు తిరిగి ఆగింది, వేలు ట్రిగ్గర్ దగ్గర లేదు, దేవుడి దయ అనను, యాభై రెండేళ్ళ అలవాటు, కానీ గొట్టం చూసిన వైపు తలుపు రేకు ఉంది, రేకు అవతల మ్యాక్సిన్ ఉంది, మొగుడు పోయిన దగ్గర్నుంచి ప్రతి ఆదివారం గుమ్మంలో నన్ను ఎలుగుబంటిలా వాటేసుకునే మ్యాక్సిన్, చేతిలో పీచ్ పళ్ళ తీపిరొట్టె పళ్ళెం, మోచేత్తో అద్దం కొడుతోంది, ఏంటి హాలిస్ అలా గుమ్మడికాయ మింగినోడిలా కూర్చున్నావ్, గుమ్మంలో నువ్వు లేకపోతే నన్నెవరు వాటేసుకుంటారు, డ్వేనా, వాణ్ణి పట్టుకుంటే కంచె రాటని పట్టుకున్నట్టుంటది, నేను పిస్టల్ గొట్టం నేలకు దించి, వస్తున్నా, నువ్వు పద అన్నాను, ఏం నలతగా ఉందా, లేదు లేదు, ఆకలి, అయితే ఒక ముక్క దాస్తాలే, వెళ్ళింది, గులకరాళ్ళ మీద ఆమె అడుగులు నిదానంగా వెళ్ళాయి, అన్నీ వినపడ్డాయి, ఒక్కొక్కటీ, జీవితంలో ఎన్ని కథలు అల్లాను, ఈ ఒక్కదానికి మాత్రం ఏ తోకా తగిలించలేను, ఇది ఎవరికీ చెప్పి నవ్వించలేను, రేకు ఇంత మందం, నా చిటికెన వేలంత కూడా లేదు.

అద్దం దించి డ్వేన్‌ని పిలిచాను, గుమ్మం దగ్గర్నుంచి వచ్చాడు, నడుం ముందు, వాడు వెనక, ఏంటి బ్రదర్, తూటా ఉందా గూట్లో, ఉంది, శభాష్, శభాష్ కాదురా అబ్బాయ్, అది తియ్యి, నేను తియ్యలేను, ఏంటి, చేతులు, చూడు, అని పిస్టల్‌ను సీటు మీద పెట్టి రెండు చేతులూ కిటికీలోంచి బయట పెట్టాను, పిచ్చుక కాళ్ళలా వంకర తిరిగిన వేళ్ళు, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఊళ్ళో అందరి చేతులూ కలిపినవి, ఎవరూ చూడనివి, వాడు చూశాడు, జోకు వేస్తాడనుకున్నాను, వెయ్యలేదు, పిస్టల్ తీసుకుని, గొట్టం నేలకు పట్టి, ఒక్క గుంజు గుంజాడు, తూటా గులకరాళ్ళ మీద పడింది, వంగి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు, ఎన్నాళ్ళనుంచి ఇలా ఉంది, చలికాలం నుంచి, మరి పోయిన వారం లాగుతా లాగుతా అన్నావే, అన్నాను, మూడు సార్లు లాగుతానన్నావ్, అదీ అన్నాను, వాడు తల గోక్కున్నాడు, బ్రదర్, నియమం నేనే పెట్టా, నీకోసం మారిస్తే రేపు అందరికీ మార్చాలి, మార్చొద్దు, మారిస్తే నిన్ను నేనే తిడతా, మరి గుమ్మం, గుమ్మంలో నువ్వు నిలబడు, మ్యాక్సిన్ వాటేసుకుంటే మాత్రం ఊపిరి బిగబట్టుకో, పక్కటెముక విరిగితే నా పూచీ లేదు, పిస్టల్ నీ బండిలో పెట్టి తాళం వెయ్యి అన్నాను, వాడు తీసుకుని వెళ్ళాడు, నేను దిగాను, తుంటి మీద బరువు లేక కుడికాలు ఒక అడుగు తడబడి, తర్వాత సర్దుకుంది, లోపలికి వెళ్ళి మూడో బెంచీలో వెర్నా పక్కన కూర్చున్నాను, ఆవిడ నా వంక చూసి, ఏంటి దారి తప్పావా అని, జవాబు కోసం ఆగకుండా పాటల పుస్తకం సగం నా ఒడిలోకి జరిపింది, పేజీ తిప్పబోయి తిప్పలేకపోయాను, ఆవిడే తిప్పింది, గూట్లో తూటా ఉండాలా వద్దా అని వారమంతా డ్వేన్‌తోటీ, చచ్చిపోయిన నాన్నతోటీ, నాతో నేనూ వాదించుకున్నాను, వాడి లెక్క వాడికి సరి, నాన్నది నాన్నకు సరి, నాకు మాత్రం లెక్క వేరే, పెట్టడం ఎవడైనా పెడతాడు, బల్ల అంచు కూడా పెడుతుంది, తన చేత్తో తీసి పక్కన పెట్టగలిగినంత కాలమే అది మగాడి నడుముకు తగిన వస్తువు, నాకు ఆ కాలం పోయిన చలికాలంలోనే అయిపోయింది, అది ఒప్పుకోవడానికి నాకు పట్టినంత సేపు ఇంకేదీ పట్టలేదు.