వాకిలి చల్లిన వీడియో

నాచారం బస్తీలో వారంగా నల్లా నీళ్లు లేవు. సిరి వీడియో తీసి ఫేస్‌బుక్‌లో పెడతానంది. అది విని ఆమె నానమ్మ శాంతాబాయి బిందెలో మిగిలిన నీళ్లతో వాకిలి చల్లి, ముగ్గేసి, పెళ్లిళ్లకు కట్టే చీరలో నిలబడింది.

వీడియో కింద చాలామంది రాశారు: "వాకిలి తడిగానే ఉందిగా, నీళ్లు లేవంటారేంటి?"

"ఏంది నానమ్మా, గిట్ల జేస్తివి! ఇగ ట్యాంకర్ ఎవరు పంపుతరు?" అంది సిరి.

"ఫోన్ నా దిక్కు తిప్పు," అంది శాంతాబాయి. "అయ్యా, గింతమంది మా ఇల్లు సూడనీకి వస్తుంటే వాకిలి చల్లకుండ ఉంటమా? ఉన్న బిందెడు మీకోసమే చల్లిన. ఇగ తాగనీకి సుక్క లేదు."

ఆ మాటను ఉప్పల్ దాకా ఒకరికొకరు పంపుకున్నారు. సాయంత్రానికి ట్యాంకర్ వచ్చింది.

"జర కూసో నాయనా, చాయ్ పెడతా," అని శాంతాబాయి డ్రైవర్‌ని ఆపింది.

"ముందు నీళ్లు పట్టుకో అవ్వా, అప్పుడు గదా చాయ్!" అన్నాడతను.