టోపీల అచ్చుకు కొత్త డబ్బా

"స్తంభం మీది మేరీమాత పటం తీసేసి అక్కడ కరెంటు డబ్బా బిగిస్తారా? నేను బతికుండగా కుదరదు" అంది మా అత్తగారు లాస్తేనియా. ముందురోజూ ఇదే మాట అంది.

"పటం తీసేయమనలేదు అత్తయ్యా. ఒక జానెడు పైకి జరపమన్నాను."

"పైకి జరిపితే నాకు చూపు ఆనదు నూబె."

"అసలు ఆ స్తంభం గొడవెందుకు? అచ్చు నెత్తినే పెట్టండి" అన్నారు మామగారు ఫ్రోయిలాన్. "పనిచేసేవాడికి అది కళ్లెదురుగా ఉండాలి. మెడ తిప్పి గోడలు చూసుకుంటూ టోపీ నొక్కుతానా?"

"అచ్చు మీద ఆవిరి లేస్తుంది మామయ్యా. ఆవిరీ కరెంటూ ఒకచోట పెడతామా?"

"నా పెళ్లి కాకముందు నుంచీ అవి రెండూ అక్కడే ఉన్నాయి. ఎవరూ చావలేదు కదా."

నా భర్త ఎడిసన్ వంక చూశాను. అతను వాళ్లమ్మ మాట్లాడినప్పుడు తలూపాడు, వాళ్లనాన్న మాట్లాడినప్పుడు తలూపాడు, ఇప్పుడు నేను చూస్తే నాకూ ఊపాడు. నాకు ఒళ్లు మండింది.

మా ఇంటి ముందుగదే మా కార్ఖానా. క్వెంకా పట్నంలో మా వీధంతా టోపీల వాళ్లే. సిగ్సిగ్ ఊరి నుంచి ఆడవాళ్లు తోకియా గడ్డితో టోపీలు అల్లి సోమవారాలు తెచ్చిస్తారు. మేం వాటిని కడిగి, ఆరబెట్టి, తడిపి, కాలిన ఇనుప అచ్చులో నొక్కి రూపం తెస్తాం. వేడి సరిగ్గా కుదిరితే గడ్డి వెన్నరంగులోనే ఉంటుంది. కాస్త ఎక్కువైతే అంచు పొడుగునా గోధుమరంగు చార పడుతుంది. ఇక దాన్ని ఏం చేసినా పోదు. నెలల తరబడి అల్లిన మనిషి పని ఒక్క నొక్కుతో పోయినట్టే.

ఈ మధ్య అలాంటి చారల టోపీలు వ్యాపారి దగ్గరనుంచి తిరిగి రావడం మొదలైంది. తప్పంతా అచ్చు పక్కనున్న పాత తిప్పుడు మీటదే అని ఇంట్లో అందరం అనుకున్నాం, లేదా అనుకున్నట్టు మాట్లాడాం. అందుకే నేను పట్టుబట్టి టెంపరేచర్ కంట్రోలర్ కొనిపించాను. అరచేతిలో పట్టే డబ్బా. దాని సెన్సర్‌ను అచ్చులోకి దూరిస్తే, మనం చెప్పిన అంకె దగ్గర వేడిని అదే నిలబెడుతుంది. తగ్గితే కరెంటిస్తుంది, పెరిగితే ఆపుతుంది.

మీట పాతదే, కాదనను. కానీ మామగారు ఏనాడూ మీటను నమ్మి పనిచేయలేదు. చూపుడువేలు నోట్లో తడుపుకుని అచ్చుకు తాకిస్తారు. చుయ్‌మన్న చప్పుడు వింటారు, వేలికి తగిలిన చురుకు చూసుకుంటారు. "ఇంకాస్త" అంటారు, లేదా "చాలు" అంటారు. మా వీధిలో పెద్దవాళ్లంతా అలాగే చూస్తారు. అయితే మొన్నటి వానల్లో ఒకరోజు ఆయన పొయ్యి మీద మరుగుతున్న కాఫీగిన్నెను ఒట్టిచేత్తో తీసుకుని, నిదానంగా నడిచి వచ్చి, బల్ల మీద పెట్టడం చూశాను. చేతిలో గుడ్డ లేదు. మొహంలో ఏ మార్పూ లేదు. ఆయనకు షుగరు ఉందని మాకందరికీ తెలుసు. అది వేళ్ల దాకా వచ్చిందని అప్పుడు నాకు తెలిసింది. ఎడిసన్‌కూ తెలుసని తర్వాత తెలిసింది.

ఆ మాట ఆయనతో ఎవరంటారు? మా పనిలో అచ్చు దగ్గర నిలబడే మనిషే యజమాని. సిగ్సిగ్ వాళ్లు వచ్చి ముందు ఆ మనిషినే పలకరిస్తారు. మీ వేలు పోయింది మామయ్యా అంటే, వెళ్లి వంటింట్లో కూర్చోండి అన్నట్టే. డబ్బా బిగిస్తే ఆ మాట అనే అవసరమే రాదని నా లెక్క. అంకె డబ్బా చూసుకుంటుంది, అచ్చు దగ్గర ఆయనే నిలబడతారు.

శనివారం పొద్దున్నే అత్తగారి చెల్లెలి కొడుకు ఫౌస్తో వచ్చాడు. ఇళ్లకు వైరింగు చేస్తాడు.

"ఇంట్లో ఎడిసన్‌ను పెట్టుకుని నన్ను పిలిచారేంటి వదినా?" అన్నాడు గుమ్మంలోనే.

"పేరు పెట్టిన మా అత్తయ్యనడుగు. మీ అన్న బల్బు మార్చాలన్నా నిన్నే పిలవమంటాడు."

"ఒరే తమ్ముడూ, నువ్వొచ్చిన పని చూడు" అన్నాడు ఎడిసన్.

ఫౌస్తో డబ్బా వచ్చిన అట్టపెట్టె విప్పి, లోపలున్న కాగితాన్ని పక్కకు విసిరాడు. నేను తీసుకుని చదవడం మొదలుపెట్టాను.

"అది కొనేవాళ్లకు వదినా, బిగించేవాళ్లకు కాదు."

"కొన్నది నేనేగా."

ముందు సెన్సర్ తీగను అచ్చు దగ్గరనుంచి స్తంభం దాకా లాగి చూశాడు. మూరెడు తక్కువైంది. సంచిలోంచి దీపాలకు వాడే వైరు ముక్క తీసి అతకబోయాడు. మామూలు వైరుతో ఈ తీగను పొడిగించకూడదు, పొడిగిస్తే అంకె తప్పు చూపిస్తుంది అని కాగితంలో ఉంది. చదివి వినిపించాను. దాంతో నేను మూడురోజులుగా వాదించిన స్తంభం నా నోటితోనే పోయింది. అత్తగారు పటం వైపు చూసి తృప్తిగా సిలువ గుర్తు వేసుకుంది. చివరికి పక్కగోడ ఒప్పుకున్నాం. ఆవిరి అక్కడిదాకా రాదు, తీగ చేరుతుంది. మామగారి కోటు తగిలించే కొక్కెం ఒకటే అడ్డం.

"నా కోటెక్కడ పెట్టుకోను?"

"వంటింట్లో తగిలించుకోండి నాన్నా" అన్నాడు ఎడిసన్.

"వంటింట్లోనా?" అన్నారాయన. కోటు తీసి భుజాన వేసుకున్నారు.

ఫౌస్తో బ్రేకర్ దించి, టెస్టర్ పెట్టి చూసి, పాత మీట విప్పాడు. ఎర్త్ వైరు అచ్చు ఇనుముకు బిగించాడు. అది ఇన్నాళ్లూ ఎక్కడా తగలకుండా వేలాడుతూ ఉందట. హీటరు వైర్లు చేతిలోకి తీసుకున్నాడు. అంతలో టప్‌మని నిప్పురవ్వ ఎగిరింది. స్క్రూడ్రైవర్ వెళ్లి టోపీల బుట్టలో పడింది. ఫౌస్తో గోడకు జారగిలబడి తన చెయ్యి తనే తడుముకుంటున్నాడు.

వంటింట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. "వచ్చింది కరెంటు. ఎవరో దించేసినట్టున్నారు, నేనే పైకి ఎత్తాను. కరెంటు కుక్కర్‌లో మోటె మొక్కజొన్న గింజలు సగం ఉడికి ఆగిపోయాయి."

"పెద్దమ్మా, నన్ను చంపేదానివి."

"నాకు చెప్పి దించాలి కదరా. మోటె పాడైతే మధ్యాహ్నం ఏం తింటావు?"

"నేను పోయాక మోటె ఎవరికి పెడతావు?"

కార్ఖానాకూ వంటింటికీ ఒకటే బ్రేకర్ అని ఎడిసన్ వాళ్లమ్మకు చెప్పి ఉండాల్సింది. చెప్పానంటాడు. ఆవిడ వినలేదంటుంది. వాళ్లు తేల్చుకునేలోగా నేను వెళ్లి బ్రేకర్ దించి, ఆ పెట్టె తలుపుకు వీధిగేటు తాళం వేసి, తాళంచెవి నా ఏప్రాన్ జేబులో వేసుకున్నాను. మోటె కట్టెలపొయ్యి మీదికి మారింది. అత్తగారు పొగకు దగ్గిన ప్రతిసారీ నూబె అన్న నా పేరు వినిపించేలా దగ్గింది.

బిగింపు మధ్యాహ్నానికి అయింది. అట్టపెట్టెలో ఇంకో చిన్న డబ్బా మిగిలింది.

"ఇదేంటి?" అని అడిగాను.

"వేడి హద్దు దాటితే మొత్తం ఆపేసేది. ఫ్యాక్టరీల వాళ్ల భయం వదినా. అసలుది ఉండగా ఇదెందుకు?" అని ఫౌస్తో దాన్ని తన సంచిలో వేసుకున్నాడు. అందరం ఆకలి మీద ఉన్నాం. తాళం తీసి బ్రేకర్ ఎత్తాను.

డబ్బా వెలిగింది. పదిహేడు అని ఎర్రటి అంకె వచ్చింది. గదిలో చలి అంతే ఉంది. ఫౌస్తో నూట ఇరవై అని పెట్టి, చేతులు దులుపుకుని, "ఇక తినడమే" అన్నాడు.

అంకె పదహారైంది. తర్వాత పది. తర్వాత రెండు.

"తగ్గుతోందేంటి?" అన్నాను.

"కొత్తది కదా. కుదురుకోవాలి."

"కొత్తకోడలా కుదురుకోడానికి? వేడెక్కుతుంటే అంకె పెరగాలి కదా."

"అచ్చు వేడెక్కుతోందని ఎవరన్నారు వదినా? హీటరు ఇంకా అందుకోలేదు. డబ్బా అబద్ధం చెబుతుందా?"

సున్నా దాటి కిందికి పోతోంది. అచ్చు మీద గాలి సన్నగా వణకడం నాకు కనిపించింది. నేను నోరు తెరిచేలోగా మామగారు ముందుకు వచ్చారు. "మీ వాదన తేలేది కాదు. జరగండి" అని వేలు నోట్లో తడిపి అచ్చుకు ఆనించారు.

చప్పుడు చుయ్‌మని రాలేదు. చిట్లినట్టు వచ్చింది. ఆయన వేలు తీయలేదు. తల ఒక పక్కకు వంచి, ఎప్పటిలాగే వింటున్నారు. "ఇంకాస్త..." అన్నారు.

కాలిన వాసన వచ్చింది. ఎడిసన్ తండ్రి మణికట్టు పట్టి లాగాడు. నేను పరుగెత్తి బ్రేకర్ దించాను. తిరిగి వచ్చేసరికి అత్తగారు ఆయన చేతిని కుళాయి కింద పట్టుకుని ఉంది.

"ఏం కాలేదు, వదులు" అంటున్నారాయన.

"ఏం కాకపోవడమేంటి? చర్మం అచ్చుకు అంటుకుపోయింది, పోయి చూసుకో. నొప్పెట్టలేదా నీకు?"

ఆయన ఎడమచేత్తో కుళాయి కట్టబోయారు.

"నిన్నే అడుగుతున్నా. నొప్పెట్టలేదా?"

"లేదు" అన్నారు చివరికి. కుళాయి నీళ్ల చప్పుడులోనూ అది అందరికీ వినిపించింది. ఫౌస్తో ఒక్కడే తెల్లబోయి చూశాడు. మేం మిగతావాళ్లం ఎవరం తెల్లబోలేదు. అది ఆయన గమనించారు. ఒక్కొక్కరి మొహమూ చూశారు, నా మొహం కాస్త ఎక్కువసేపు చూశారు. తర్వాత కట్టు కట్టించుకుని, కార్ఖానాలోకి రాకుండా వంటింటి బల్ల దగ్గరే కూర్చున్నారు.

నేను ఆయన వెనకే వెళ్లి ఏదో ఒకటి అనాల్సింది. వెళ్లలేదు. కోపం మాత్రం ఎవరి మీదో తెలియకుండా చాలా ఉంది. దాన్ని డబ్బా మీద పెట్టాను. అచ్చు చల్లారాక సెన్సర్ బయటికి లాగించి, వేడివేడి నీళ్లు కప్పులో తెచ్చి, హీటరు వైర్లు ఊడదీయించి, ఒక్క డబ్బాకే కరెంటు ఇప్పించాను. సెన్సర్ మొనను కప్పులో ముంచాను. అంకె చరచరా సున్నా కిందికి పోయింది. బయటికి తీస్తే మెల్లగా పైకి వచ్చింది.

"వేడికి చల్లన అంటోంది. ఫౌస్తో, రెండు తీగలూ తారుమారు పెట్టావు."

"ఎర్రది ప్లస్‌లో పెట్టాను వదినా. ఎర్రది ప్లస్ కాకపోతే ఈ లోకంలో ఇంకేం నమ్మాలి?"

కాగితంలో బొమ్మ చూపించాను. ఈ సెన్సర్‌లో పసుపు తీగ ప్లస్, ఎర్రది మైనస్. ఇళ్ల వైరింగు చేసే చెయ్యి ఎర్రరంగు కనబడగానే ప్లస్ వైపు పోతుంది. తనకు చలేస్తోందని అనుకున్న డబ్బా ఆపకుండా కరెంటు ఇస్తూనే పోయింది. పక్కనే బుట్ట నిండా ఎండుగడ్డి టోపీలు. ఫౌస్తో ఆ బుట్ట వంక, అచ్చు వంక చూసి, నేనడగకుండానే సంచిలోంచి రెండో డబ్బా బయటికి తీశాడు.

"దీనికి వేరే సెన్సర్ ఉంది. వేరేగా బిగిస్తా" అన్నాడు.

బ్రేకర్ దించి తాళం వేశాక తీగలు మార్చాడు. రెండో డబ్బాను హీటరు దారిలో కలిపాడు. మళ్లీ కప్పులో ముంచి చూస్తే అంకె పైకి పోయింది. బ్రేకర్ మళ్లీ దించి, సెన్సర్లు రెండింటినీ అచ్చులోకి నొక్కి, కదలకుండా మరబిగించి, హీటరు వైర్లు కలిపాం. రెండో డబ్బా హద్దును కావాలని తక్కువకు దించితే, అచ్చు ఆ వేడికి చేరగానే మొత్తం ఆగిపోయింది, మేం దాని మీట నొక్కితే తప్ప మళ్లీ రాలేదు. అప్పుడు హద్దును దాని చోటికి పెంచాం. ఒక గంట సేపు అచ్చు మూసి, డబ్బాను దాని లెక్క అదే నేర్చుకోనిచ్చాం. అంకె నూట ఇరవై దాటి కాస్త పైకి పోయి, కాస్త కిందికి వచ్చి, అక్కడే నిలబడింది. అమ్మకానికి పనికిరాని ముతక టోపీ ఒకటి పెట్టి నొక్కి చూశాను. వెన్నరంగులోనే బయటికి వచ్చింది.

దాన్ని తీసుకెళ్లి వంటింటి బల్ల మీద పెట్టాను. మామగారు ఎడమచేత్తో అందుకుని అంచు కిటికీ వెలుతురుకు ఎత్తి చుట్టూ తిప్పి చూశారు.

"చార లేదు" అన్నారు.

"లేదు మామయ్యా."

"ఇక్కడ మాత్రం ఒక పక్కకు లాగింది. అచ్చులోకి వంకరగా ఎక్కించావు."

"అవును, వంకరే."

మధ్యాహ్నం భోజనం సాయంత్రానికి పడింది. మోటెలో పొగవాసన ఉంది. ఆ సంగతి ఎవరూ అనలేదు. అనకుండా ఉన్నందుకు కూడా అత్తగారికి కోపం వచ్చింది. "బాగాలేకపోతే బాగాలేదనండి" అంది. "ఈ ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏదీ చెప్పరు."

ఫౌస్తో పళ్లెంలోకి తల దించుకున్నాడు. ఎడిసన్ ఉప్పు కోసం వెతికాడు. నేను లేచి ఉప్పు తెచ్చిపెట్టాను.

మామగారు చెంచా కింద పెట్టారు. కుడిచేతి కట్టు మోకాలి మీద ఉంది. గొంతు పెంచలేదు, ఎవరి వైపూ చూడలేదు.

"సోమవారం సిగ్సిగ్ వాళ్లు వస్తారు" అన్నారు. "వాళ్లు వచ్చేసరికి అచ్చు దగ్గర నూబె నిలబడుతుంది. ఆ రోజు నుంచీ అక్కడ తనే. టోపీ తడిపి, లాగి, అచ్చులోకి ఎక్కించడం నేను చేస్తాను. అది తనకింకా చేతకాదు. వేడి వేలితో చూడడం ఈ ఇంట్లో ఇక లేదు. సోమవారం వాళ్లకు నేనే చెబుతాను, మీరెవరూ చెప్పకండి."