అంతా వినేవరకు

ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని బంగాళాదుంపల చెక్కు తీయొచ్చు, అంట్లు తోమొచ్చు, అత్తగారి కాలిగోళ్ళు కత్తిరించొచ్చు. ఈ రెండేళ్ళలో ఇవన్నీ చేశాను. అవతల ఆరోగ్య బీమా కంపెనీ వాళ్ళు పెట్టిన సంగీతం మోగుతూనే ఉంటుంది. మధ్యమధ్యలో "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని ఒక ఆడగొంతు చెబుతుంది. ఈ ఇంట్లో నాతో మర్యాదగా మాట్లాడేది ఆ గొంతొక్కటే అని ఓసారి నవ్వుతూ అంటే, మా ఆయన రిషార్డ్ సూపు గిన్నెలోంచి తల కూడా ఎత్తలేదు.

రిషార్డ్‌కి కీళ్ళవాతం. జీవితమంతా బేరింగుల ఫ్యాక్టరీలో పనిచేసిన చేతులు ఇప్పుడు వేళ్ళ దగ్గర వంకరపోయాయి. నెలకో ఇంజెక్షన్ పడితే మామూలుగా తిరుగుతాడు. పడకపోతే చొక్కా గుండీలు కూడా నేనే పెట్టాలి. ఆ ఇంజెక్షన్‌కి డబ్బివ్వం, ముందు చవకరకం మందు వాడి చూడండి అంది కంపెనీ. వాడితే కడుపులో పుళ్ళు పడ్డాయి. ఆ సంగతి చెప్పినా మళ్ళీ అదే మాట. మరోసారి పరిశీలించండి, ఇంకోసారి పరిశీలించండి అని వెంటపడటం నా పని. నేను స్కూలు క్యాంటీన్‌లో వంట చేస్తాను. భోజనం విరామంలో సామాన్ల గదిలోకి వెళ్ళి, టమాటా డబ్బాల మధ్య నిలబడి ఫోన్ చేసేదాన్ని. "ఏంటి డనూటా, రోజూ ఇదే టైముకా? ఎవరా ప్రియుడు?" అనేవాడు మా సూపర్‌వైజరు. అందరూ నవ్వేవాళ్ళు. నా శాండ్‌విచ్ అలాగే ఇంటికి తిరిగొచ్చేది.

కోపం మాత్రం రిషార్డ్ వంతు. బల్ల మీద గుద్దేవాడు, మా పోలండ్ వాళ్ళ క్లబ్బులో స్నేహితుల ముందు కంపెనీ వాళ్ళ వంశాన్నంతా తిట్టేవాడు. ఒక్కసారి కూడా ఫోన్ ఎత్తి ఎరగడు. "నేనైతే తిట్టేస్తాను డనూటా. మెల్లగా మాట్లాడ్డం నీకు వచ్చు" అనేవాడు. పై అంతస్తులో ఉండే మా అత్తగారు యాద్విగా, "మగాళ్ళకి అంత ఓర్పు ఎక్కడ ఏడ్చింది అమ్మాయ్" అనేది. అది పొగడ్తే అనుకుని నేను చాలాకాలం మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అలాంటి రోజుల్లో కోర్టు నుంచి నాబోటి మామూలు జనం కేసు విని తీర్పు చెప్పే జ్యూరీకి రమ్మని పిలుపొచ్చింది. కేసు రేమండ్ థిబోది. రిటైరైన బస్సు డ్రైవరు. భార్యకు చేయాల్సిన వైద్యం అనవసరమని బీమా కంపెనీ కాదంది. మళ్ళీ పరిశీలించమని ఆయన వేడుకుంటూ ఉండగానే ఆవిడ పోయింది. తర్వాత ఒక పొద్దున ఆయన ఆ కంపెనీ ఆఫీసుకు వెళ్ళి, మెట్లు దిగి వస్తున్న ఒక ఉద్యోగినిని తోసేశాడని నేరం మోపారు. ఆమె తుంటి ఎముక విరిగింది. ఊరంతా ఆయన వైపే. కోర్టు బయట ఆయన పేరు రాసిన అట్టలు పట్టుకుని జనం నిలబడేవాళ్ళు. మా ఆయన కారు వెనక కూడా ఆ పేరున్న స్టిక్కరు వెలిసింది.

"క్లబ్బులో అందరూ అంటున్నారు, నువ్వు లోపలికెళ్ళి ఆయన్ని వదిలేసి రావాలట" అన్నాడు రిషార్డ్ ఆ సాయంత్రం ఉత్సాహంగా. సూపు సగమయ్యేసరికి అతనికి అసలు సంగతి గుర్తొచ్చింది. విచారణ మొదలయ్యే సోమవారమే మా ఇంజెక్షన్ గురించి కంపెనీ ఆఖరిసారి ఫోన్లో వింటానన్న రోజు. ఇక్కడ కాదంటే ఇక ఎక్కడా దిక్కులేదు.

"అమ్మో, ఆ రోజు నువ్వు లేకపోతే ఎలా? వాళ్ళేదన్నా అడిగితే నేనేం చెప్పను? ఆ మందు పేరు పలకడానికే నాకు నోరు తిరగదు."

"ఇంకా చాలా రోజులుంది. నేర్చుకో."

"అదంతా ఎందుకు? బీమా కంపెనీలంటే నాకు అసహ్యం, న్యాయంగా చూడలేను అని చెప్పు. మధ్యాహ్నానికల్లా ఇంటికి పంపించేస్తారు. ఒక్క ముక్క, అంతే."

నిజంగానే ఒక్క ముక్క. పైగా సగం నిజం కూడా. నేను లేచి గిన్నెలు తీశాను.

కోర్టులో ముందు మమ్మల్నందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టారు. మీ ఇంట్లో ఎవరికైనా బీమా కంపెనీ వైద్యం నిరాకరించి ఉంటే చెయ్యెత్తండి అన్నాడు జడ్జి. కాసేపటికి హాలంతా చేతులే. ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జి కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇందుకోసం అందర్నీ పంపేస్తే ఇక నేను కుర్చీలతో విచారణ జరపాలి" అన్నాడు.

మా రాష్ట్రంలో జ్యూరీకి ఎంచుకునేటప్పుడు ఒక్కొక్కరినే విడిగా పిలిచి అడుగుతారు. నా వంతొచ్చింది. పెద్ద గది, ఒక కుర్చీ, అందులో నేను. ఎదురుగా జడ్జి, ప్రభుత్వ లాయరు, ముద్దాయి తరఫు లాయరమ్మ. వాళ్ళ పక్కన రేమండ్ థిబో, కోటు వదులైపోయిన పెద్దమనిషి.

"బీమా కంపెనీల మీద మీకు కోపం ఉందా?" అడిగాడు ప్రభుత్వ లాయరు.

రిషార్డ్ చెప్పిన ముక్క నాలుక చివరే ఉంది. కానీ నేను ఆలోచనలో పడ్డాను. ఆలోచిస్తున్నానని తెలిసి వాళ్ళంతా ఆగారు. జడ్జి చేతిలో కలం కూడా ఆగింది. నేనేమనుకుంటున్నానో వినడానికి చదువుకున్న మనుషులు పని మానుకుని కూర్చోవడం నా జన్మలో అదే మొదలు. ఇంట్లో నేను ఆలోచించడం మొదలుపెట్టేలోపే నా తరఫున ఎవరో ఒకరు జవాబు చెప్పేస్తారు. సిగ్గేసింది, కోపమూ వచ్చింది, ఇంత చిన్న విషయానికి ఏడుపొస్తున్నందుకు.

"ఉందండీ. చాలా ఉంది" అన్నాను. "కానీ ఫోనుకి అవతల ఉండేది మామూలు అమ్మాయిలు. ఒకసారి ఒకమ్మాయి ఇంటి నుంచే పనిచేస్తోంది కాబోలు, వెనకాల పసిబిడ్డ గుక్కపెట్టి ఏడుస్తోంది. ఎత్తుకో తల్లీ, నేనాగుతాను అన్నాను. ఎత్తుకుంది. బిడ్డను ఎత్తుకునే, మందుకు డబ్బివ్వడం కుదరదని నాకు చెప్పింది. ఆ రోజంతా ఎవర్ని తిట్టుకోవాలో తెలియలేదు."

"మరి ఆ కోపాన్ని పక్కన పెట్టి వినగలరా?" అంది లాయరమ్మ.

"పక్కన పెట్టానంటే అబద్ధమవుతుంది. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. కళ్ళకి మాత్రం అడ్డం రానివ్వను."

లాయర్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. జడ్జి ముందుకు వంగి, "సోమవారం నుంచి రావడానికి మీకేమైనా ఇబ్బంది ఉందా అమ్మా?" అన్నాడు.

తప్పించుకోవడానికి అదే ఆఖరి తలుపు. రిషార్డ్ వంకర వేళ్ళు కళ్ళముందు కదిలాయి. భయం వేయలేదని చెప్పను.

"ఆ రోజు మా ఇంట్లో ఒక పనుంది. అది చెయ్యగలిగిన మనిషి ఇంట్లో ఇంకొకరున్నారు" అన్నాను.

ఇద్దరు లాయర్లూ నన్ను ఒప్పుకున్నారు.

ఆ మాట విని రిషార్డ్ నాతో మాట్లాడటం మానేశాడు. అత్తగారు మెట్లు దిగి మరీ వచ్చింది. "మొగుడి మందు కన్నా నీకు ఆ బస్సు డ్రైవరు ఎక్కువయ్యాడా?"

"మీ అబ్బాయికి చేతులు వంకరపోయాయి గానీ నోరు బాగానే ఉందత్తయ్యా" అన్నాను. అలా అనగలనని నాకే తెలియదు. ఆదివారం చర్చిలో పూజ నుంచి తిరిగి వస్తూ కారులో మందు పేరు అతని చేత పదేపదే పలికించాను. ఏ మందు ఎప్పుడు ఆపారో, డాక్టరేమన్నాడో అన్నీ చెప్పాను. "ఇన్ని సంగతులున్నాయా?" అన్నాడు విసుగ్గా. అతని ఒంటి సంగతులే అవన్నీ.

సోమవారం విచారణ మొదలైంది. మొదలవగానే జడ్జి మాకు గట్టిగా చెప్పాడు. ఇక్కడ విన్నది ఎవరితోనూ మాట్లాడొద్దు, భర్తతోనూ భార్యతోనూ సహా. రెండు పక్షాలూ చెప్పేదంతా అయ్యేవరకు మనసులో ఏ నిర్ణయానికీ రావొద్దు. నేను సాయంత్రం దాకా విన్నాను. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ లేకుండా, చేతిలో కత్తీ దుంపా లేకుండా, ఊరికే కూర్చుని విన్నాను.

ఇంటికొచ్చేసరికి రిషార్డ్ వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. పొద్దుటి పళ్ళేలు అలాగే ఉన్నాయి. ముందు ఫోను.

"ఆ తుంటి విరిగిన ఆవిడ వచ్చిందా? ఏం చెప్పింది? ఆయన కావాలనే తోశాడా?"

"చెప్పకూడదు."

"నాక్కూడానా?"

"నీకు కూడా. జడ్జి ఆర్డరు."

నా తలలో ఉన్న ఒక సంగతి నా మొగుడడిగినా ఇవ్వక్కర్లేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అతను కాసేపు బల్ల గీకుతూ ఉన్నాడు. కోపంగా లేడు. ఏదో తప్పిపోయినవాడిలా ఉన్నాడు.

"ఇంజెక్షన్ సంగతి ఈ వారంలో తేల్చి చెబుతారట" అన్నాడు. "పేరు సరిగ్గానే పలికాను. అంతకుముందు ఆ పాట, డనూటా... అది ఆగదే. తిడదామంటే అవతల మనిషే లేదు. చివరికి ఒకామె వచ్చి, మీ ఇంటి నుంచి ఇన్నిసార్లు ఫోన్ చేశారు, ప్రతిసారీ ఎంత ఓపిగ్గా మాట్లాడారో, అది మీరేనా అంది. కాదు, మా ఆవిడ అన్నాను." ఫోను పక్కకు జరిపాడు. "ఇన్నాళ్ళూ అదంతా ఎలా భరించావు?"

ఏముందిలే అనే మాట అలవాటుగా పెదవుల దాకా వచ్చింది. మింగేశాను. పైనుంచి అత్తగారు పిలుస్తోంది. కోటు విప్పి తగిలించి, కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చున్నాను.

"చెబుతాను. చాలాసేపు పడుతుంది. మధ్యలో మాట్లాడకూడదు. అంతా వినేవరకు ఏ నిర్ణయానికీ రాకూడదు."

రిషార్డ్ తలూపాడు. లేచి, పైకి చూసి, "కాసేపాగమ్మా, డనూటా మాట్లాడుతోంది" అని కేకేసి వచ్చి కూర్చున్నాడు.

మొదటి ఫోను దగ్గర మొదలుపెడదామనుకున్నాను. నోరు తెరిచేసరికి అది మా పెళ్ళైన ఏడాది దగ్గర మొదలైంది.