పేగు చివరి మాట

"సంచి లేకుండా చెయ్యలేరా డాక్టరుగారూ? ఆడమనిషి, పొట్టకి సంచి తగిలించుకుని నలుగురిలో ఎలా తిరుగుతుంది?" అన్నారు మా ఆయన ఖాంగ్.

డాక్టరు ఆయనకే జవాబు చెప్పాడు. గడ్డ పెద్దపేగు చివర, మలద్వారం కండరాన్ని ఆనుకుని ఉందట. రేడియేషన్‌తో చిన్నదైంది కానీ కండరాన్ని వదల్లేదట. కండరం ఉంచితే జబ్బు మిగిలిపోవచ్చు. కింద మొత్తం తీసేసి, పేగు కొసని పొట్టమీదికి తెచ్చి అక్కడ దారి చెయ్యడమే క్షేమం. ఇక జన్మంతా సంచిలోకే. "ఇంట్లో మాట్లాడుకుని రేపు చెప్పండి," అన్నాడు. ఆ గదిలో నేనూ ఉన్నాను. ఆ పేగు నాది.

మా ఊరు సాదెక్ నుంచి సైగాన్ ఆస్పత్రి దాకా బస్సులో వచ్చిన మా అత్తగారు వరండాలో చేపల పులుసు గిన్నె విప్పుతూ కొడుకు చెప్పిందంతా విన్నారు. "ఆ వాసనతో వాడి పక్కన ఎలా పడుకుంటావే? పెద్దల పటాల ముందు అగరొత్తి ఏ మొహం పెట్టుకుని వెలిగిస్తావు?" అన్నారు. తర్వాత కొడుక్కి ముల్లు తీసి పెడుతూ, ఇంకో ఆస్పత్రిలో అడిగి చూద్దామన్నారు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను గోడకి ఆనుకుని విన్నాను. ఈ పొట్ట గురించి నన్ను అడగకపోవడం కొత్త కాదు. నా కొడుకు పుట్టినప్పుడు నొప్పులు రాకముందే జాతకాలాయన్ని అడిగి, ఆయన చెప్పిన గంటకే నన్ను కోయించారు అత్తగారు. పోయినేడు రక్తం పడుతోందని చెప్పాను. "రోజంతా కుట్టుమిషను ముందు కూర్చుంటే మొలలు రావా? మిరపకాయలు తగ్గించు," అన్నారు ఖాంగ్. తగ్గించాను. పెళ్ళిళ్ళ రోజులు; గుడ్డ మడిచి పెట్టుకుని, మిషను ముందు కూర్చుని అందరి పెళ్ళి అంగీలూ కుట్టాను. లేచి అన్నం వండాను. అత్తగారి కాళ్ళకి నూనె రాశాను. నా నొప్పి ఎంతుండాలో కూడా వాళ్ళు చెప్పినంతే ఉంచుకున్నాను.

మర్నాడు డాక్టరు వచ్చి, "ఏమనుకున్నారు?" అని ఖాంగ్‌ని అడిగాడు.

"నేను చెబుతాను," అన్నాను. "మొత్తం తీసెయ్యండి. సంచి పెట్టండి."

"లువా, మనమింకా మాట్లాడుకోలేదు," అన్నారు ఖాంగ్.

"మీరూ అత్తమ్మా మాట్లాడుకున్నారుగా. విన్నాను."

డాక్టరు మొదటిసారి నా మొహంలోకి చూశాడు. మధ్యాహ్నం బిక్ అనే నర్సు పెన్ను పట్టుకుని వచ్చింది. "కూర్చో అక్కా. ఇప్పుడు వంగు. ప్యాంటు ఎక్కడ కడతావు?" అంటూ పొట్టమీద సంచికి చోటు వెతికింది. మిషను బల్ల నాకు ఎక్కడ తగులుతుందో చూపించి, దానికి కాస్త కింద గుర్తు పెట్టమన్నాను. పెట్టింది. చల్లగా తగిలింది.

ఆపరేషనయ్యాక దుప్పటి ఎత్తి చూసుకున్నాను. పేగు కొస పెదవి లోపలి చర్మంలా ఎర్రగా, తడిగా ఉంది. నాకు అసహ్యం వేస్తుందనుకున్నాను. జాలి వేసింది. సంచి మార్చడం ఇంట్లో ఎవరైనా నేర్చుకోండి అంది బిక్. అత్తగారు ముక్కుకి కండువా అడ్డం పెట్టుకున్నారు. ఖాంగ్ కాఫీ తాగి వస్తానని వెళ్ళారు. "నాకే నేర్పమ్మా," అన్నాను. మొదటిసారి అంటించింది ఊడిపోయి పక్కంతా పాడైంది. గోడవైపు తిరిగి ఏడ్చాను. బిక్ దుప్పటి మార్చి, "మళ్ళీ పెడదామా?" అంది. పెట్టుకున్నాను.

తీసిన భాగం అంచుల్లో జబ్బేమీ లేదని చెప్పి ఇంటికి పంపారు. బస్సు దిగుతుండగానే, "ఎవరడిగినా పిత్తాశయంలో రాళ్ళని చెప్పు," అన్నారు ఖాంగ్. ఆ రోజు నుంచి ఆయన పక్క ముందు గదిలోకి మారింది. ఓపిక వచ్చాక మిషను తుడిచి, తలుపు తెరిచాను.

పెళ్ళి అంగీ కోసం మొదట వచ్చింది వంతెన అవతల ఉండే ఉయెన్. కొలతలు తీస్తుంటే, "ఇంత చిక్కిపోయావేం పిన్నీ? ఏం ఆపరేషన్?" అంది.

నేను నోరు తెరిచేలోపే ముందు గదిలోంచి ఖాంగ్ గొంతు వినిపించింది. "రాళ్ళమ్మా, పిత్తాశయంలో రాళ్ళు!"

పెదవుల మధ్య పట్టుకున్న గుండుసూదులు తీసి బల్లమీద పెట్టాను.

"కాదమ్మా. పెద్దపేగు చివర కాన్సర్. ఆ భాగమంతా తీసేశారు. ఇదిగో, ఇక్కడ సంచి ఉంటుంది. అందులోకే వస్తుంది."

ముందు గదిలో టీవీ ఆగిపోయింది. ఉయెన్ నా చెయ్యి ఉన్న చోటు వైపు చూసింది. వెనక్కి జరుగుతుందేమో అనుకున్నాను. జరగలేదు.

"చాలా నొప్పి పుట్టిందా పిన్నీ?" అంది.

మా ఇంట్లో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. కూర్చోమని కుర్చీ లాగి, మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాను. ముందు గదిలోంచి ఖాంగ్ దగ్గుతూనే ఉన్నారు. నేను గొంతు తగ్గించలేదు.