రెండు రంగుల తల

"వదినా, దినాలకు చుట్టాలంతా వస్తరు. ఆ నెత్తి నలుపు జర తీయించుకో. మొగుడు పోయినదాని లెక్క కనవడ్తలేవు," అంది మా ఆడబిడ్డ, నేను బియ్యం కడుగుతుంటే. మా ఆయన శ్రీధర్ పోయి అప్పటికి ఆరు రోజులు. నాకు ఏడుపు రాలేదు. కడిగిన బియ్యాన్నే మళ్ళీ కడిగాను.

ఆ నలుపు నేను కోరుకున్నదా? ముప్పై నాలుగేళ్ళకే నా తల నెరిసింది. ఓసారి ఖమ్మం బస్సులో కండక్టరు "సార్, మీ అమ్మను కూసోబెట్టు" అన్నాడని శ్రీధర్ దారి పొడుగునా నాతో మాట్లాడలేదు. ఇల్లు చేరాక, "నా పక్కన గిట్ల రాకు" అన్నాడు. అప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళు, ఆదివారం విడిచి ఆదివారం, గిన్నెలో రంగు కలుపుకోవడం, తలకు పట్టించి అది ఆరేదాకా అంట్లు తోముకోవడం. మాడు మండుతోందంటే, "జర ఓర్సుకో, సచ్చిపోతవా ఏంది?" అనేవాడు. ఆయన తల నెరిస్తే మాత్రం పెద్దరికం వచ్చిందన్నారు అందరూ. నేనూ అన్నాను, అది తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆయన కూలిపోయింది కూడా అలాంటి ఆదివారమే. తలనిండా రంగుతోనే ఆటోలో దవాఖానాకు తీసుకెళ్ళాను. గుండె ఆగిపోయిందన్నారు. ఆ రంగు కడుక్కునేసరికి సాయంత్రమైంది. మాడంతా పొక్కింది, జుట్టు మాత్రం ఎన్నడూ లేనంత నల్లగా నిగనిగలాడింది. శవం దగ్గర ఆడవాళ్ళంతా నా తలనే చూశారు.

ఆడబిడ్డ ఆ మాటన్న మర్నాడు ఇల్లందు బస్టాండు దగ్గరి పార్లరుకు వెళ్ళాను. అక్కడి అమ్మాయి సాయిప్రియ చెవి వెనక ఒక్క పాయకు బ్లీచ్ రాసి చూసింది. అది ఇటుక రంగుకు తిరిగి, దువ్వెనలోకి తెగి వచ్చింది.

"ఇన్నేండ్ల నలుపు ఒక్కపారి పోదు ఆంటీ. ఈ పుండ్ల మీద పెడితే మీ మాడు కాలిపోతది, నేనైతే పెట్ట. కుదుళ్ళ నుంచి తెల్లది పెరిగేదాక ఆగుడే. రెండేండ్లన్న పడ్తది."

"నాలుగు రోజుల్లో దినాలమ్మా," అన్నాను. ఆ కుర్చీలోనే మొదటిసారి ఏడ్చాను, ఆయన కోసమో నా కోసమో తెలియలేదు.

తండాకు తిరిగొచ్చాక మా అత్త హేమ్లి నా తల ఒళ్ళోకి తీసుకుని, పుండ్లకు కొబ్బరినూనె రాసింది. కొడుకు పోయిన మనిషి, తనే నాకు రాసింది. మా లంబాడీల్లో పెళ్ళయిన ఆడవాళ్ళు చెంపల దగ్గర జుట్టుకు వెండి ఘుగ్రీలు కట్టుకుంటారు. మామ పోయిన నాడు అత్తవి విప్పేశారు. ఏళ్ళ తరబడి ఆ బరువు లాగిన చోట ఇప్పటికీ వెంట్రుక మొలవలేదు. నా వేలు తీసుకుని ఆ బోడి చోట పెట్టుకుంది.

"అవి నేనుగా కట్టుకోలే బిడ్డా. నేనుగా ఇప్పుకోలే."

దినాల నాడు ఈ తలతోనే కూర్చుంటానని ఆడబిడ్డతో చెప్పేశాను. నలుగురూ ఏమంటారో అంది. అననీ అన్నాను.

పొద్దున అద్దంలో చూస్తే పాపిట దగ్గర నూకంత తెల్లగా వచ్చింది. శ్రీధర్ నా అసలు జుట్టు మళ్ళీ చూడకుండానే పోయాడు. పద్దెనిమిదేళ్ళు నేనూ చూడలేదు. ఎంత మెల్లగా వస్తుందో రానీ, ఈసారి నేను చూస్తాను.