ప్రారంభోత్సవం కాని గది

ఆ కాలేజీలో జబ్బుపడ్డ పిల్లల్ని విడిగా ఉంచడానికి ఒక గది సిద్ధమైంది. సిద్ధమై పద్దెనిమిది రోజులైంది. అందులో ఇంతవరకూ ఒక్కరూ పడుకోలేదు.

అలాగని కాలేజీలో అందరూ గుండ్రాళ్ళలా ఉన్నారని కాదు. గదికి ఇంకా ప్రారంభోత్సవం కాలేదు, అంతే. మొదటిసారి ముహూర్తం పెట్టుకుంటే ముఖ్య అతిథిగారింట్లో ఎవరికో జ్వరమొచ్చింది. రెండోసారి జనం గుమిగూడకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మనుషుల్ని ఎడంగా ఉంచే గదిని తెరవడానికి నూరుమందిని పోగుచేయాల్సి రావడం వల్ల వచ్చిన చిక్కు అది. ఈలోగా ఆరు మంచాలూ, కవర్లు విప్పని ఆరు పరుపులూ, గుమ్మానికి అడ్డంగా కట్టిన ఎర్ర రిబ్బనూ అతిథిగారి కోసం ఎదురుచూస్తున్నాయి.

ఆ గది తాళంచెవి హాస్టల్ ఆయా బొడ్లో ఉండేది. హాస్టల్లోని ఆడపిల్లలంతా ఆమెను పెద్దమ్మ అని పిలుస్తారు. పదకొండేళ్ళుగా తాత్కాలికం మీదే పనిచేస్తోంది. ఆమెను పర్మినెంటు చేసే కాగితం ఈ ఏడు ప్రిన్సిపాల్‌గారి బల్లదాకా వచ్చింది. సంతకం ఒక్కటే తక్కువ. రోజూ తెల్లవారుజామున దేవుడికి దణ్ణం పెట్టుకుని, రిబ్బను కిందనుంచి దూరి, ఎవరూ నడవని ఆ గదిని ఊడ్చి, ఎవరూ ముట్టని మంచాలు తుడిచి వస్తుంది.

ప్రిన్సిపాల్‌గారు జాగ్రత్తపరుడే. జబ్బు పాకకుండా నలభై నియమాలు స్వయంగా రాసి గోడగోడకీ అంటించారు. 'గుంపుగా చేరరాదు' అన్న మొదటి నియమాన్ని పిల్లలు ఒకరి భుజం మీంచి ఒకరు వంగి చదువుకున్నారు.

మంగళవారం పొద్దున పిచ్చుకకు జ్వరం వచ్చింది. బక్కపలచగా ఉంటుందని తోటిపిల్లలు పెట్టిన పేరది. వాళ్ళుండే హాస్టల్ గదిలో ఎనిమిది మంది. పిచ్చుక పక్క మంచం ఈలది. ఉబ్బసం వల్ల ఊపిరి తీస్తే గుండెల్లో ఈల మోగుతుందని ఆ పేరు.

పెద్దమ్మ ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని థర్మామీటరు పెట్టి చూసింది. నూటరెండు.

"దీన్ని ఇక్కణ్ణించి మార్చాలే," అంది.

"నన్ను మార్చు పెద్దమ్మా," అంది ఈల. "ఇది దగ్గితే నా ఈల కాస్తా సన్నాయి అవుతుంది."

నవ్వారు గానీ ఆ నవ్వు ఎవరి కళ్ళలోకీ రాలేదు. బస్సులు ఆగిపోయాయి, ఇంటికి పంపే దారి లేదు. ఆసుపత్రిలో మంచాల్లేవు. హాస్టల్లో ఖాళీగా ఉన్నది ఆ ఒక్క గదే.

పెద్దమ్మ వార్డెన్ మేడం దగ్గరికి పరిగెత్తింది.

"మూడో ముహూర్తం రేపు పదింటికే కదా," అంది వార్డెన్. "ఒక్కరోజు ఓపిక పట్టమను."

"ఎవర్ని మేడం? పిల్లనా, జ్వరాన్నా?"

వార్డెన్ చెడ్డమనిషి కాదు. వెంటనే ప్రిన్సిపాల్‌గారికి ఫోన్ చేసింది. అవతలి గొంతు పెద్దమ్మకూ వినబడింది. "వాడేసిన గదిని అతిథిగారి చేత ఎలా ప్రారంభించమంటారమ్మా? ఎంగిలి విస్తట్లో వడ్డించినట్టుండదూ? జ్వరం సంగతి ఎల్లుండి రిజిస్టర్లో రాయండి."

వార్డెన్ ఫోన్ పెట్టేసి, "విన్నావుగా," అంది. "నీ కాగితం ఆయన బల్ల మీదే ఉంది పెద్దమ్మా. గుర్తుపెట్టుకో."

మధ్యాహ్నందాకా పెద్దమ్మ గుర్తుపెట్టుకుంది. ఈల కిటికీలోంచి తల బయటికి పెట్టి గాలి పీల్చడం చూశాక ఇక గుర్తుపెట్టుకోలేకపోయింది. రిబ్బను ముందు నిలబడి పైకి చూసింది. స్వామీ, నువ్వు ఇంత గాలి ఇచ్చావు, ఇంత వెలుతురిచ్చావు, దేనికీ రిబ్బను కట్టలేదే. మరి మాకెందుకిలాంటి బుద్ధి పుట్టించావయ్యా? జవాబు కోసం ఎదురుచూడలేదు. తాళం తీసింది.

పిచ్చుక గుమ్మం ముందు తటపటాయించింది. "రిబ్బను తెంపెయ్యనా పెద్దమ్మా?"

"వద్దులే. ఎవరి ముచ్చట వాళ్ళది. వంగి వెళ్ళు."

మర్నాడు పదింటికి అతిథిగారు వచ్చారు. కుర్చీలు బారెడు దూరంలో వేశారు. ఫోటో కోసం మళ్ళీ దగ్గరికి జరిపారు. పెద్దమ్మ పొద్దుటినుంచీ ప్రిన్సిపాల్‌గారికి సంగతి చెప్పాలని తిరుగుతూనే ఉంది. "తర్వాత, తర్వాత" అంటూ ఆయన పూలగుత్తుల వెంట పడ్డారు. చివరికి అతిథిగారు కత్తెర చేతికి తీసుకుని రిబ్బను మీద పెట్టారు.

లోపలినుంచి ఎవరో దగ్గారు.

కత్తెర అలాగే ఆగిపోయింది.

"లోపల ఎవరు?" అన్నారు ప్రిన్సిపాల్‌గారు గొంతు తగ్గించి.

"జ్వరమొచ్చిన పిల్లండి," అంది పెద్దమ్మ.

"ఎవరు పంపారు?"

"మీ కాగితమేనండి. పదిహేడో నియమం. జ్వరం వచ్చినవాళ్ళని వెంటనే గదికి మార్చాలని రాశారు కదండీ. అలాగే మార్చానండి."

అప్పటికే అతిథిగారు ఇరవై అడుగులు వెనక్కి వెళ్ళారు. కారు తలుపు పట్టుకున్నాక ఆయనకు ధైర్యం వచ్చింది. "ప్రారంభం కాకముందే సేవ మొదలుపెట్టారా! భేష్!" అన్నారు.

ప్రిన్సిపాల్‌గారి మొహం మబ్బు విడిచిన సూర్యుడిలా అయింది. "జబ్బు ముహూర్తం చూసుకుని రాదు కదండీ. అందుకే నేనే ముందుచూపుతో..."

గది దగ్గరికి అతిథిగారు రానన్నారు కాబట్టి రిబ్బనే ఆయన దగ్గరికి వెళ్ళింది. గుమ్మం నుంచి విప్పి, కారు పక్కన ఇద్దరు లెక్చరర్లు చెరో కొసా పట్టుకున్నారు. ఆయన కత్తిరించారు. గది నలభై గజాల దూరం నుంచి ప్రారంభమైంది. చప్పట్లు కొట్టారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తే ఊళ్ళో చప్పట్లకేం తక్కువ!

సాయంత్రం వార్డెన్ ఒక కాగితం పట్టుకుని వచ్చింది. అనుమతి లేకుండా గది తెరిచినందుకు రేపటిలోగా సంజాయిషీ ఇవ్వాలట.

"ముందుచూపు ఆయనది, తప్పు నాదీనా మేడం?"

"వాదించకు. 'బుద్ధి తక్కువై చేశాను, క్షమించండి' అని ఒక్క ముక్క రాసెయ్. ఉద్యోగం నిలుస్తుంది." అంటూనే వార్డెన్ గోడకు ఆనుకుంది.

పెద్దమ్మ ఆమె మొహంలోకి చూసింది. "మీ కళ్ళేంటి మేడం అంత ఎర్రగా ఉన్నాయి?"

"నిన్నటినుంచి ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. ప్రారంభోత్సవం కదా, ఎవరికీ చెప్పలేదు."

థర్మామీటరు నూటొకటి చూపించింది. పెద్దమ్మ ఆ గది తలుపు తీసి, కిటికీ వైపు మంచం మీద దుప్పటి పరిచింది.

"అనుమతి..." అంది వార్డెన్.

"మీరే కదా మేడం ఇవ్వాల్సింది. పడుకోండి."

ఆ తర్వాత బయట అరుగు మీద కూర్చుని సంజాయిషీ రాసింది. 'అయ్యా, గది తెరిచింది నేనే. లోపల పిల్లకు జ్వరం తగ్గుతోంది. ఉబ్బసం పిల్ల బాగుంది. ఇప్పుడు రెండో మంచం మీద వార్డెన్ మేడం ఉన్నారు. వారిని నా అంతట నేనే పడుకోబెట్టాను. మళ్ళీ ఎవరికైనా జ్వరం వస్తే మళ్ళీ తెరుస్తాను.' క్షమించమన్న ముక్క ఎక్కడ ఇరికించాలో ఎంత ఆలోచించినా తోచలేదు. సంతకం పెట్టి పంపింది.

మర్నాడు ఆఫీసు అటెండరు దూరంనుంచే కేకేశాడు. "అక్కా! నీ పని అయిపోయింది!"

పెద్దమ్మ చేతిలో చీపురు కింద పెట్టింది. "తీసేశారా?"

"తీసెయ్యడమేంటి! పర్మినెంటు! క్షమాపణ అడిగావని అయ్యగారు సంతోషించారు. రేపు సంతకం పెడతామన్నారు."

"నేను క్షమాపణ రాయలేదే?"

అటెండరు తల గోక్కున్నాడు. "హాస్టల్ నుంచి వచ్చే ప్రతి కాగితం మీదా క్రిములు చచ్చే మందు కొట్టాకే లోపలికి పంపాలి కదక్కా, ముప్పయ్యొకటో నియమం. నీ కాగితం మీద కాస్త ఎక్కువ పడింది. సిరా అంతా కరిగిపోయి 'అయ్యా' అన్న మాటా, అడుగున నీ సంతకం మాత్రం మిగిలాయి. మధ్యలో ఇంకేం రాసి ఉంటుందిలే అన్నారు అయ్యగారు." గొంతు తగ్గించాడు. "పైవాడి దయ అనుకో. నోరు మూసుకుని ఊరుకో."

అటెండరు వెళ్ళాక పెద్దమ్మ అరుగు మీద కూర్చుంది. దయే కావచ్చు. పదకొండేళ్ళు దణ్ణం పెడితే ఆయన ఈపాటి చెయ్యకపోతాడా? కానీ చేసినవాడు ఆయనే అయితే, నిజాన్ని చెరిపి మరీ చేస్తాడా? లోపల పిచ్చుక మంచినీళ్ళు అడిగింది. వెళ్ళి ఇచ్చి, చేతులు కడుక్కుని వచ్చి, కిటికీ అవతల నిలబడ్డ ఈలను పిలిచింది.

"నీ దగ్గర పెన్సిలుందా?"

"ఎందుకు పెద్దమ్మా?"

"అది తడికి కరగదటగా," అంది పెద్దమ్మ కాగితం మోకాలి మీద పెట్టుకుంటూ.