పన్నెండో బోల్టు చప్పుడు

పసుపు గీత పడిన బోల్టు ఆమె వేళ్లకే తిరిగింది.

మళ్లీ తిప్పింది. అనుమానం లేదు, వదులే. వచ్చే ఏడాది కుజుడికి బయలుదేరాల్సిన యంత్రం అది. నాలుగో కాలు, పన్నెండో బోల్టు. ఆఖరి తనిఖీ ఆమెది. సోమవారం యంత్రం లారీ ఎక్కాలి. ఈసారి తప్పితే కుజుడు మళ్లీ అనువైన చోటికి రావడానికి రెండేళ్లు దాటుతుంది.

అక్కడ బోల్టు బిగించడానికి ఇద్దరుండాలి. ఒకరు రెంచి తిప్పుతారు. సరిపడా బిగువు రాగానే రెంచి 'టిక్' మంటుంది. అది విన్నాక, కాలికి అవతల నిలబడ్డ రెండో మనిషి బోల్టు మీద పసుపు గీత గీస్తాడు. టిక్ లేనిదే గీత లేదు.

మిగతా కాళ్లలాగే నాలుగో కాలూ బిగించింది ఆమె బాబాయి. ఆమెకు ఈ పని నేర్పింది ఆయనే. గీతలు గీసింది 'గడియారం'. అయిదు కొట్టగానే గేటు దాటతాడని అందరూ కలిసి పెట్టిన పేరది.

ఆమె చెప్పగానే ఇన్‌చార్జి గడియారం మీద మండిపడ్డాడు. "ఇంటికెళ్లే తొందర్లో గీసి పారేశావు కదయ్యా! సాయంత్రంలోగా ఒప్పుకో. లేదంటే బ్యాడ్జి నా బల్ల మీద పెట్టి పో."

"నా పిల్లల మీద ఒట్టు సార్! పన్నెండు టిక్కులూ విన్నాను. నా చెవులకేం తెగులు లేదు."

"తెగులు చెవులకి కాదు, కాళ్లకి. అయిదైతే ఆగవు."

ఎవరో కిసుక్కున నవ్వారు. బాబాయి నవ్వలేదు. ఎక్కడైనా మొదటి జోకు ఆయనదే.

రెంచిని పరీక్ష బల్ల మీద పెట్టి చూసింది. నిక్షేపంగా ఉంది. వదులు బోల్టు మీద అది టిక్ మనదు. గడియారం చెప్పేది నిజమైతే, మరి టిక్ మన్నదెవరు?

ఆమెకు పాత సంగతొకటి గుర్తొచ్చింది. పనిలో చేరిన కొత్తలో బాబాయి, యంత్రం మీద తుంపర పడకుండా అందరూ కట్టుకునే మాస్కు వెనక నాలుకతో టిక్ మనిపించి, ఆమె చేత ఉత్తుత్తి గీత గీయించి, కడుపు పట్టుకుని నవ్వాడు. నెల రోజులుగా మాస్కు తాళ్లు ఆమె చేతే కట్టించుకుంటున్నాడు. టీ సగం గ్లాసే పోయించుకుంటున్నాడు.

బట్టలు మార్చుకునే గదిలో ఆయన ఒక్కడే ఉన్నాడు. ఆమె రెంచి చాచింది.

"గడియారం తన బ్యాడ్జి తీసేస్తున్నాడు బాబాయ్. నా ముందు ఒక్క బోల్టు బిగించు, చాలు."

ఆయన అందుకున్నాడు. రెంచి కొస ఇనుప బల్లకు తగిలి టకటకమంటూనే ఉంది.

"అతన్ని ఆపు తల్లీ, పాపం అతనికేం తెలీదు. టిక్ మన్నది నేనే. నెల నుంచి ఈ చెయ్యి నా మాట వినట్లేదు. చెబితే మర్నాడే ఇంట్లో కూర్చోబెడతారు. ఈ ఒక్క యంత్రం అయ్యేదాకా నెట్టుకొద్దామనుకున్నా. పన్నెండోదాని మీద రెంచి పట్టు కూడా నిలవలేదు. పొద్దున్నే వచ్చి ఎడం చేత్తో బిగిద్దామంటే, గీత పడ్డాక ఎవరు ముట్టుకోనిస్తారు? ఇంకో మాట. అదొక్కటే కాదే. మూడో కాలి దగ్గరా నోటితోనే టిక్ మన్నాను. ఏయే బోల్టులకో నాకే గుర్తులేదు. సగం బిగిసినవి నీ వేళ్లకు దొరకవు. మొదటి కాలి నుంచీ అన్నీ విప్పించు."